చెన్నైలో ఏ పేటలో దిగాలి?

రాజమహేంద్రవరం నుంచి డిసెంబరులో చెన్నై వెళ్లాలని అనుకున్నప్పుడు మాకు అక్కడ రెండు పనులున్నాయి. మొదటిది మా అత్తగారి కంటి పరీక్ష. ఆవిడకు ఎనభై ఏళ్లు దగ్గరపడ్డాయి. ఒక కంటికి శుక్లం తీయించి చాలా కాలమైంది, రెండో కన్ను విషయంలో ఇక్కడి వైద్యులు మరొకచోట కూడా చూపించుకోవడం మంచిదని చెప్పడంతో నుంగంబాక్కం కాలేజీ రోడ్డులోని శంకర నేత్రాలయకు తీసుకువెళ్లాలని నిశ్చయించాం. రెండవది నా చిరకాల కోరిక. త్యాగరాజస్వామి తెలుగులో రాసిన కీర్తనలను వినడానికి ప్రపంచం నలుమూలల నుంచి జనం తమిళదేశపు రాజధానికి వెళుతూ ఉంటే, గోదావరి ఒడ్డున కూర్చుని రేడియోలోనూ ఫోనులోనూ వింటూ గడిపేశాననే దిగులు నాకు ఏటా మార్గళి, అంటే మన ధనుర్మాసపు, సంగీతోత్సవాల వేళ కలుగుతూనే ఉండేది. ఈ రెండు పనులూ ఒకే ప్రయాణంలో ముగించుకుందామని మా వారు అనడంతో అసలు చిక్కు మొదలైంది. రైలు టికెట్లకు 60 రోజుల ముందు గడువు ఉంది, ఆసుపత్రికి ముందుగా సమయం తీసుకునే పద్ధతి ఉంది, కచేరీల పట్టికలు పత్రికల్లో వస్తాయి. కానీ ఏ పేటలో దిగాలన్న ప్రశ్నకు మాత్రం అడిగిన ప్రతివారూ ఒక్కొక్క సమాధానం చెప్పారు.

మా చిన్నమామగారు పశ్చిమ మాంబలంలో ఉంటారు. కోడంబాక్కంలో తెలుగు సినిమాలు జోరుగా తయారవుతున్న కాలంలో ఒక స్టూడియో లెక్కల విభాగంలో చేరి, పరిశ్రమ హైదరాబాదుకు తరలిపోయినా తాను తరలకుండా అక్కడే ఉండిపోయిన మనిషి. మేము వస్తున్నామనగానే "బయట దిగడమేమిటమ్మాయ్, ఇల్లుండగా!" అన్నారు. ఆయన ఉండేది లిఫ్టు లేని మూడో అంతస్తు. మోకాళ్ల నొప్పులతో ఉన్న అత్తగారు రోజుకొకసారి దిగి ఎక్కడం కూడా కష్టమని నేను నసుగుతూ చెబితే, ఆయన నొచ్చుకోకుండా, "అయితే టీ నగర్‌లో దిగండి, మరో మాట లేదు. పానగల్ పార్కుకు పేరు వచ్చింది కాళహస్తిలో పుట్టిన రాజా పానగంటి రామరాయణింగారి వల్ల. త్యాగరాయనగర్ అంటే పిట్టి త్యాగరాయ చెట్టిగారి నగర్. వెంకటనారాయణ రోడ్డులో తిరుపతి దేవస్థానం వాళ్ల గుడి. మా వదినగారికి ఇంతకంటే మన ఊరు ఇంకెక్కడ దొరుకుతుంది?" అని తీర్పు చెప్పేశారు.

ఆయన చెప్పినదంతా నిజమే. 1921 నుంచి 1926 వరకు మద్రాసు రాష్ట్రానికి ప్రధాన మంత్రిగా ఉన్న పానగల్ రాజా కాలంలోనే ఆ పేట రూపుదిద్దుకుంది. వాణీ మహల్, కృష్ణ గాన సభ అక్కడే ఉన్నాయి కనుక కచేరీలకు కూడా లోటు లేదు. మాంబలం స్టేషను నుంచి లోకల్ రైలెక్కితే కోడంబాక్కం, ఆ తరువాత నుంగంబాక్కం. కాగితం మీద చూస్తే ఇన్ని అనుకూలాలున్న పేట చెన్నైలో మరొకటి లేదు. అయినా నాకు రెండు సందేహాలు కలిగాయి. పండుగ ముందరి డిసెంబరులో ఉస్మాన్ రోడ్డు, రంగనాథన్ వీధి, పాండీ బజారు చుట్టుపక్కల సాయంత్రం పూట ఒక ముసలావిడను చేయి పట్టుకుని నడిపించడం ఎలాగన్నది మొదటిది. మాంబలం స్టేషను నుంచి టీ నగర్ బస్సు స్టాండు వరకు 2023లో ఆకాశవంతెన వేశారు, దాని వల్ల ఆ వీధుల్లో నలిగే బాధ కొంత తగ్గింది. కానీ బస చేసినవారు నిత్యం బయటికి రావలసింది ఆ వీధుల్లోకే కదా. రెండవ సందేహం వాన గురించి. ఈశాన్య రుతుపవనాల తుపానులు చెన్నైని ఎక్కువగా పట్టి పీడించేది నవంబరు, డిసెంబరు నెలల్లోనే. 2015 డిసెంబరు వరద, 2016 డిసెంబరులో వర్దా, 2023 డిసెంబరులో మిచాంగ్ అందరికీ గుర్తున్నవే. టీ నగర్ వెలసింది ఒకప్పటి పెద్ద చెరువు పొట్టలో. 1920లలో ఆ చెరువును పూడ్చి ఇళ్ల స్థలాలు చేశారు. పశ్చిమ మాంబలంలో లేక్ వ్యూ రోడ్డు అనే పేరు ఇప్పటికీ ఉంది, చూడడానికి చెరువు మాత్రం లేదు. ఈ సంగతి ఎత్తగానే చిన్నమామగారు కాసేపు మాట్లాడకుండా ఊరుకుని, 2015లో వాళ్ల భవనం కింది అంతస్తువారు సామాన్లు పైకి మోసుకువచ్చి మెట్ల మీద పడుకున్న సంగతి తానే చెప్పారు.

మా వారిది వేరే పద్ధతి. ఫోనులో మ్యాపు తెరిచి సెంట్రల్ స్టేషను, కాలేజీ రోడ్డు, మ్యూజిక్ అకాడమీ, చిన్నమామగారి ఇల్లు, ఈ నాలుగింటికీ గుర్తులు పెట్టి, వాటికి నడిమధ్యగా రాయపేట, థౌజండ్ లైట్స్ ప్రాంతాలు వస్తున్నాయి కాబట్టి అక్కడ దిగితే అన్నిటికీ సమానదూరంలో ఉంటామని తేల్చారు. వినడానికి ఈ వాదన ఎంతో సబబుగా ఉంటుంది. చాలామంది ఊరుకాని ఊళ్లో బస ఎంచుకునేది ఇలాగే. నాకు మాత్రం ఆ నడిమధ్య అన్న మాట మీదే గురి కుదరలేదు. మేము అన్ని చోట్లకూ ఒకే వేళ వెళ్లం. ఆసుపత్రికి ఉదయం ఏడింటికల్లా చేరాలి, ఆ వేళకు దారిలోని పెద్ద రోడ్డు అన్నా సాలై ఖాళీగానే ఉంటుంది. కచేరీలకు సాయంత్రం పోవాలి, అప్పుడు అదే అన్నా సాలై దాటడానికి అరగంట పట్టినా ఆశ్చర్యపోనక్కరలేదు. చిన్నమామగారింటికి ఒక్క ఆదివారం వెళితే చాలు. దూరాన్ని కిలోమీటర్లలో కొలిస్తే రాయపేట మధ్యన ఉంటుంది. గంటల్లో కొలిస్తే ఉదయం పనికి అవసరానికి మించి దగ్గర, సాయంత్రం పనికి అవసరమైనంత దగ్గర కాదు.

అందుకని మ్యాపు పక్కన పెట్టి ఒక కాగితం మీద గంటలు వేసుకున్నాను. తెల్లవారుజామున రైలు దిగే వేళ, ఆసుపత్రి వేళ, అత్తగారు నిద్రలేచి గుడికి పోవాలనుకునే వేళ, మధ్యాహ్నపు కచేరీలు, సాయంత్రపు కచేరీలు, రాత్రి భోజనం, తిరిగి వచ్చే వేళ. ఒక్కొక్క గంట ఎదురుగా ఎవరు బాగా అలసిపోయి ఉంటారో రాశాను. ఆశ్చర్యమేమిటంటే, మా ముగ్గురిలో బాగా అలసిపోయేది ఎప్పుడూ ఒక్కరే, అత్తగారు. ఆవిడ అలసిపోయే గంటలు రెండే. కంట్లో చుక్కల మందు వేసి కంటిపాపను పెద్దది చేసిన తరువాత, చూపు మసకబారి, వెలుతురు సూదుల్లా గుచ్చుతూ ఉంటే ఆసుపత్రి నుంచి బసకు వచ్చే మధ్యాహ్నం ఒకటి. రాత్రి ఎనిమిది దాటాక ఆవిడకు మంచం మీద నడుము వాల్చక తప్పని గంట మరొకటి. ఆ రెండు వేళల్లో ఆవిడను వాహనాల్లో తిప్పకుండా ఉండగలిగే చోటు ఏదో అదే మా బస కావాలి. అలా చూస్తే ఒక్క పేటతో పని జరగదనీ, కంటి పరీక్ష ముగిసేవరకు ఒకచోట, ఆ తరువాత మరొకచోట ఉండడమే మేలనీ తేలింది. పెట్టెలు రెండుసార్లు సర్దడమా అని మా వారు విసుక్కున్నారు. సర్దేది ఎవరో గుర్తుచేశాక ఊరుకున్నారు.

ఈ లోపల మరికొన్ని పేటలు కూడా చూశాం. ట్రిప్లికేన్‌లో అద్దెలు తక్కువ, పార్థసారథిస్వామి కోవెల ఉంది, సముద్రం పక్కనే. కానీ అక్కడి మాన్షన్లు చాలావరకు ఒంటరిగా ఉండే మగవారి కోసం కట్టినవి. గదులు ఇరుకు, మెట్లు నిటారు. వడపళనిలో మెట్రో ఉంది, మురుగన్ కోవెల ఉంది, పాత వాహినీ స్టూడియో స్థలంలో ఇప్పుడు పెద్ద మాల్ ఉంది. మా పనులకు మాత్రం అది దూరం. గిండీ, విమానాశ్రయం వైపు హోటళ్లు శుభ్రంగా, విశాలంగా ఉన్నాయి గానీ అక్కడ దిగితే మార్గళి మాసం ఫోనులో చూసుకోవలసిందే. వేళచ్చేరి పేరును వాన భయంతోనే కొట్టేశాం.

ఆసుపత్రి దగ్గరి బసకు రెండు చోట్లున్నాయి. ఒకటి గ్రీమ్స్ రోడ్డు, థౌజండ్ లైట్స్ చుట్టుపక్కల సందులు. అక్కడ రోగుల కోసమే నడిపే వసతి గృహాలు లెక్కలేనన్ని. బెంగాల్ నుంచీ బంగ్లాదేశ్ నుంచీ వైద్యానికి వచ్చేవారు ఎంతమందంటే, ఆ సందుల్లో బెంగాలీ బోర్డులు, చేపల పులుసు భోజనశాలలు తమిళానికి దీటుగా కనబడతాయి. వంటగది ఉన్న గదులు, నెలవారీ అద్దెలు, చక్రాల కుర్చీలు అన్నీ దొరుకుతాయి. ఎక్కువ కాలం వైద్యం చేయించుకోవలసినవారికి అంతకంటే అనువైన చోటు లేదు. కానీ అక్కడ అందరూ జబ్బు గురించే మాట్లాడుకుంటూ ఉంటారని మా ఊరివారొకరు చెప్పిన మాట విని అత్తగారు, "నాకున్నది కన్ను జబ్బే అమ్మాయ్, మిగతావన్నీ నాకెందుకు అంటగడతావు" అన్నారు. దాంతో రెండో చోటైన ఎగ్మోర్ మిగిలింది.

ఎగ్మోర్ లాడ్జీల పేట. గాంధీ ఇర్విన్ రోడ్డు, కెన్నెట్ లేన్ పొడవునా స్టేషనుకు ఎదురుగా లాడ్జీలే. దక్షిణాది జిల్లాల రైళ్లు అక్కడికి వస్తాయి కనుక రాత్రింబవళ్లూ మెలకువగా ఉండే పేట అది. సెంట్రల్ నుంచి సుమారు రెండు కిలోమీటర్లు, కాలేజీ రోడ్డుకు కూడా దాదాపు అంతే. ఇక్కడ మాకు తెలిసివచ్చిన ముఖ్యమైన సంగతి గది లెక్క గురించి. చాలా లాడ్జీలలో 24 గంటల లెక్క. మనం అడుగుపెట్టిన వేళ నుంచి మర్నాడు అదే వేళ వరకు ఒక రోజు. పెద్ద హోటళ్లలో మధ్యాహ్నం నుంచి మధ్యాహ్నం వరకు లెక్క. తెల్లవారుజామున చేరితే ముందుగా గది ఇవ్వడానికి అదనంగా అడుగుతారు, లేదా సామాన్లు పెట్టుకుని హాల్లో కూర్చోమంటారు. ఉత్తరాంధ్ర, గోదావరి జిల్లాల నుంచి సెంట్రల్‌కు వచ్చే రైళ్లు కొన్ని కోడికూత వేళకు దింపుతాయి కాబట్టి మనవారికి 24 గంటల లెక్క లాభమనిపిస్తుంది. అయితే ఐదింటికి గదిలో చేరినవారు ఐదింటికే ఖాళీ చేయాలి. ఎనిమిదికి చేస్తామంటే మరో రోజు అద్దె కట్టమనే లాడ్జీలూ ఉన్నాయి. మేము ఫోనులోనే ఈ మాట ఎత్తి, కడపటి రోజు ఉదయం తొమ్మిది వరకు ఉండనిస్తామని ఒప్పించుకుని, ఆ మాటను వారి చేతనే సందేశంగా పంపించుకున్నాం. ఫోను ఎత్తినాయన నెల్లూరు వైపు మనిషి కావడం కలిసివచ్చింది.

ఫోనులో అడిగిన మిగతా ప్రశ్నలు కూడా చెబుతాను. లిఫ్టు ఉందా అని అడిగితే అందరూ ఉందనే అంటారు. వీధి నుంచి లిఫ్టు వరకు ఎన్ని మెట్లున్నాయని అడగాలి. ఒక లాడ్జీలో లిఫ్టు మొదటి అంతస్తు నుంచి మొదలవుతుందని ఆ ప్రశ్న వల్లే బయటపడింది. వేడినీళ్లు ఏ వేళల్లో వస్తాయి, కమోడు ఉందా, కిటికీ వీధి వైపా సందు వైపా, కరెంటు పోతే జనరేటరు లిఫ్టుకు కూడా పనిచేస్తుందా, ఇవన్నీ అడిగాం. ఇంటర్నెట్టులో పెట్టిన ఫొటోలు చూసి గది కుదుర్చుకోవడం కంటే ఈ నాలుగు మాటలూ ఎక్కువ పనిచేశాయి.

ఎగ్మోర్‌లో ఎన్ని రోజులుంటామో ముందుగా తేల్చుకోలేదు. కంటి ఆసుపత్రిలో మొదటి రోజే అన్నీ తేలిపోతాయని ఎవరూ చెప్పలేరు. ఒక పరీక్ష తరువాత మరొక విభాగానికి పంపవచ్చు, మర్నాడు రమ్మనవచ్చు. అందుకే మైలాపూరు గదిని తేదీ మార్చుకునే వీలుతో కుదుర్చుకున్నాం. అనుకున్నట్లే మర్నాడు కూడా రమ్మన్నారు. మొదటి రోజు మధ్యాహ్నం అత్తగారు నల్లకళ్లద్దాలు పెట్టుకుని, నా భుజం పట్టుకుని బయటికి వచ్చినప్పుడు ఆటోలో పావుగంట కూడా పట్టకుండా గదికి చేరి, మజ్జిగన్నం తిని తెరలు వేసుకుని పడుకున్నారు. ఆ పావుగంట కోసమే ఆ పేటను ఎంచుకున్నాం. రెండో రోజు ఆపరేషను ఇప్పట్లో అవసరం లేదనీ, చుక్కల మందు వాడి కొన్ని నెలల తరువాత మళ్లీ చూపించమనీ చెప్పారు. ఆ సాయంత్రం అత్తగారు తానుగా లేచి, పక్కనే ఉన్న పాంథియన్ రోడ్డులోని మ్యూజియం చూద్దామన్నారు. అక్కడి అమరావతి శిల్పాలు గుంటూరు జిల్లా నుంచి వచ్చినవని చెబితే, "మనకంటే ముందే వచ్చి ఇక్కడ దిగాయన్నమాట" అన్నారు.

మైలాపూరుకు మారడంతో మా రోజుల తీరే మారిపోయింది. కపాలీశ్వరస్వామి కోవెల చుట్టూ నాలుగు మాడ వీధులు, పడమటి వైపు కోనేరు, ఆ వీధుల నుంచి చీలే చిన్న సందులు. మా బస అలాంటి సందులోనే, మొదటి అంతస్తులో, చిన్న వంటగదితో. ఈ పేటను ఎంచుకోవడానికి నేను చూసుకున్న కారణం కచేరీలు. భారతీయ విద్యా భవన్ తూర్పు మాడ వీధిలోనే ఉంది. రసిక రంజని సభ సుందరేశ్వరర్ వీధిలో ఉంది. ఆళ్వారుపేటలోని నారద గాన సభకూ, టీటీకే రోడ్డు మొదట్లోని మ్యూజిక్ అకాడమీకీ ఆటోలో పోవచ్చు. 1927లో మద్రాసులో జరిగిన కాంగ్రెసు మహాసభతో పాటు ఏర్పాటైన సంగీత సదస్సు నుంచి పుట్టి, 1928లో వెలసిన అకాడమీలో ఏటా ఉత్సవాలు డిసెంబరు మధ్యలో మొదలై జనవరి ఒకటి వరకు సాగుతాయి. పేరున్న విద్వాంసుల సాయంత్రపు కచేరీలకు టికెట్లు దొరకడం కష్టం. పేరు తెచ్చుకుంటున్న యువకుల మధ్యాహ్నపు కచేరీలు చాలా సభల్లో ఉచితం. మాడ వీధుల దగ్గర దిగినవారికి కలిగే లాభం ఆ మధ్యాహ్నపు కచేరీల్లోనే ఉంది. అత్తగారు కూడా మెల్లగా నడిచి వచ్చి, ఒకటి రెండు కృతులు విని, అలసట వస్తే లేచి గదికి వెళ్లిపోగలిగేవారు. టీ నగర్‌లోనో రాయపేటలోనో ఉంటే అలా మధ్యలో లేచి వెళ్లడం కుదరదు. ఎవరో ఒకరు ఆటో కోసం వెతకాలి, మరొకరు కచేరీ వదులుకోవాలి.

అత్తగారు చూసుకున్న కారణం వేరు. ఆవిడకు ధనుర్మాసం. తెల్లవారకముందే లేచి, కేశవ పెరుమాళ్ కోవెలకో మాధవ పెరుమాళ్ కోవెలకో నడిచివెళ్లి తిరుప్పావై విని రావడం ఆవిడ కోరిక. మార్గళి మాసంలో ఆ వీధుల్లో భజన గోష్ఠి సాగడం పాతకాలపు ఆచారం. తమిళ వాగ్గేయకారుడు పాపనాశం శివన్ ఏళ్ల తరబడి ఆ గోష్ఠిని నడిపించారు. ముగ్గులు మన గోదావరి జిల్లాల సంక్రాంతి ముగ్గులకు ఏమాత్రం తీసిపోనంత పెద్దవి. ఆ వేళకు వాహనాలు ఉండవు, ఆవిడ నడకకు తొందర ఉండదు. పగలంతా ఎవరితోనూ మాట్లాడే వీలుండదేమో, తమిళం రాదు కదా అని చిన్నమామగారు బెంగపడ్డారు గానీ, పూలమ్మే ఆమెతో ఆవిడకు రెండో రోజుకే స్నేహం కుదిరింది. ధరల దగ్గర వచ్చిన భేదాభిప్రాయాలు ఇద్దరూ వేళ్ల మీద తేల్చుకునేవారు.

ఇక తెలుగుతనం మాటకొస్తే, చిన్నమామగారు మైలాపూరును తమిళ అయ్యర్ల పేటగా తీసిపారేయడం నాకు నచ్చలేదు. లజ్ దగ్గరి నాగేశ్వరరావు పార్కు మన దేశోద్ధారక కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారి పేరిట వెలసింది. కోస్తా, రాయలసీమ నాయకులు 1937 నవంబరు 16న ఒడంబడిక చేసుకున్న శ్రీబాగ్ ఆయన ఇల్లే. రాయపేట హై రోడ్డులో బులుసు సాంబమూర్తిగారి ఇంట్లో పొట్టి శ్రీరాములుగారు 1952 అక్టోబరు 19న నిరాహారదీక్ష మొదలుపెట్టి డిసెంబరు 15 రాత్రి ప్రాణం విడిచారు; ఆ స్థలంలో ఇప్పుడు స్మారక భవనం ఉంది. ఆదివారం మాంబలం వెళ్లినప్పుడు ఈ పేర్లన్నీ ఏకరువు పెడితే చిన్నమామగారు అన్నీ తెలిసినవాడిలా తల ఊపి, "ఉండవచ్చమ్మా, కానీ గోంగూర ఎక్కడ దొరుకుతుందో చెప్పు" అన్నారు. ఆ ప్రశ్నకు టీ నగర్‌దే పైచేయి.

మైలాపూరులో ఇబ్బందులు లేకపోలేదు. మెట్రో రెండవ దశ పనుల కోసం లజ్, కోవెల చుట్టుపక్కల రోడ్లు తవ్వి, వాహనాలను చుట్టుదారులు పట్టిస్తున్నారు. మ్యాపులో అతి దగ్గరగా కనిపించే చోటికి ఆటో ఒక పెద్ద చుట్టు చుట్టి తీసుకువెళుతుంది, ఆటో అతను మోసం చేస్తున్నాడేమోనని మనకు అనుమానం వస్తుంది. రాత్రిపూట యంత్రాల చప్పుడు ఉంటుంది కనుక లోపలి వైపు గది అడిగి తీసుకోవాలి. తిరుమయిలై స్టేషను నుంచి ఎత్తు మీద పోయే లోకల్ రైలు సముద్రపు ఒడ్డు పేటలకు బాగా ఉపయోగపడుతుంది గానీ, ప్లాట్‌ఫారం చాలా ఎత్తున ఉంటుంది, పెద్దవారితో అయితే ముందు దారి చూసుకుని వెళ్లాలి. సంగీతోత్సవాల నెలలో విదేశాల నుంచి వచ్చేవారు ఎప్పటి నుంచో గదులు పట్టుకుంటారు కాబట్టి అక్టోబరు దాటితే ఈ సందుల్లో మంచి గది దొరకదు, దొరికినా అద్దె ఎక్కువ. మేము ఎగ్మోర్‌లో కట్టినదానికంటే ఇక్కడ దాదాపు రెట్టింపు కట్టాం; సభల క్యాంటీన్లలో రాత్రి భోజనం కుదరడంతో ఆ బరువు కొంత తగ్గింది. అత్తగారికి మాత్రం గదిలోనే చారు, అన్నం వండి పెట్టి వెళ్లేదాన్ని. అకాడమీలో కచేరీ తొమ్మిది దాటాక ముగిస్తే హాలు హాలంతా ఒక్కసారి ఆటోలు పిలుస్తుంది. రాధాకృష్ణన్ సాలై మీద సముద్రం వైపు కొంచెం నడిచి అక్కడ ఆటో ఎక్కితే సులభం. పది లోపల గదికి చేరేవాళ్లం, ఆవిడ అప్పటికే ఒక నిద్ర తీసి లేచి, ఈ రోజు ఏమేం పాడారని అడిగేవారు. ఒక సాయంత్రం వాన పట్టుకుంటే అకాడమీ మానుకుని గొడుగులతో భవన్‌కు నడిచి వెళ్లాం; పక్కనే కచేరీ ఉన్న పేటలో దిగినందుకు ఆ రోజు మా వారు కూడా ఒప్పుకున్నారు.

మేము తిరిగి వచ్చాక మా వీధిలోవారు, బంధువులు ఇదే ప్రశ్నతో నన్ను అడగడం మొదలుపెట్టారు. అందరికీ మైలాపూరు చెప్పలేదు. అమెరికా వీసా ఇంటర్వ్యూకు వెళ్లే మా పెద్దాడపడుచు కూతురికి కాన్సులేటు అన్నా ఫ్లైఓవర్ పక్కనే కనుక నుంగంబాక్కం లేదా తేనాంపేట వైపు మెట్రో స్టేషను దగ్గర గది చూసుకోమన్నాను. ఉదయపు ఇంటర్వ్యూకు సమయం తప్పడం కుదరదు, ఆ పని ముగిశాక ఊరు చూడడానికి మెట్రో ఉంది. పెళ్లి చీరలకు వెళ్లేవారికి చిన్నమామగారి మాటే సరైనది, టీ నగర్‌లోనే దిగాలి. కొన్న మూటలను మధ్యాహ్నం గదిలో పడేసి మళ్లీ వెళ్లగలిగినప్పుడే ఆ పని సవ్యంగా సాగుతుంది. అడయార్ క్యాన్సర్ ఇన్‌స్టిట్యూటుకు వెళ్లేవారికి గాంధీనగర్, కస్తూర్బానగర్, కోట్టూర్‌పురం పక్కనే. బస్సులో వెళ్లేవారు మన వైపు బస్సులు చాలావరకు ఊరికి ఉత్తరాన మాధవరంలో ఆగుతాయని గుర్తుంచుకోవాలి. అక్కడి నుంచి మధురై, తిరుచ్చి వైపు పోవాలంటే 2023 డిసెంబరు చివర దక్షిణపు అంచున తెరిచిన కిలాంబాక్కం వరకు ఊరంతా దాటాలి, మధ్యలో ఒక రాత్రి ఆగేవారికి మెట్రో దారిలో ఉన్న కోయంబేడు మేలు.

తిరుగు రైలు సెంట్రల్ నుంచి సాయంత్రం వేళ. మైలాపూరు నుంచి కారులో నేరుగా పోతే అన్నా సాలై రద్దీలో ఎంతసేపు పడుతుందో చెప్పలేమని బస యజమాని హెచ్చరించాడు. అందుకని సామాన్లతో గవర్నమెంట్ ఎస్టేట్ మెట్రో స్టేషను వరకు ఆటోలో వెళ్లి, అక్కడ లిఫ్టులో కిందికి దిగి మెట్రో ఎక్కాం. తరువాతి స్టేషనే సెంట్రల్. అక్కడ కూడా లిఫ్టు ఉంది, పైకి వస్తే ఎదురుగా రైల్వే స్టేషను. కంటి ఆసుపత్రివారు మళ్లీ రమ్మన్నది వేసవిలో. అప్పుడు కచేరీలు ఉండవు కనుక ఎగ్మోర్ లాడ్జీ ఒక్కటే చాలునని మా వారు అంటున్నారు. అత్తగారు మాత్రం మైలాపూరు గదికి నెంబరు రాసిపెట్టుకోమన్నారు.